నెమ్ము పోగా బరువెంత?

నిరుడు ఏప్రిల్లో దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు తణుకు దగ్గర మా బాబాయి వాళ్ళ ఊరెళ్ళాను. మిషన్ కోత కదండీ, ధాన్యం పచ్చిగా వచ్చేస్తుంది, కళ్ళంలో బరకాల మీద ఆరబోసి ఉంది. తేమ మిషన్‌లో గుప్పెడు గింజలు పోసి చూస్తే 21 చూపించింది. 17 దాటితే కొనుగోలు కేంద్రంలో ఒప్పుకోరు, దాంతో ఇంకో రెండ్రోజులు కాళ్ళతో చాళ్ళు తీస్తూ ఎండబెట్టి అప్పుడు కాటా పెట్టారు. 21 తేమతో 75 కేజీలున్న బస్తా 17కి ఆరేసరికి 71 కేజీల చిల్లరకి వచ్చేస్తుంది, అంటే మూడున్నర కేజీల పైనే పోయింది. అదేంటి బాబాయ్ అంత తగ్గిపోయింది అంటే "నెమ్ము పోయిందమ్మా, గింజెక్కడికి పోద్ది" అన్నాడు (నెమ్ము అంటే తేమే), అంతే, మళ్ళీ పనిలో పడిపోయాడు.

అదే రోజు సాయంత్రం ఆయన కూతురు, ఇంటర్ చదివే పిల్ల, బాత్రూం పక్కన గోడకి ఆనించి ఉండే వెయిట్ మిషన్ తీసి ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. మూడోసారి కూడా పొద్దుటి కంటే 900 గ్రాములు ఎక్కువే చూపించింది. చున్నీ తీసి మంచం మీద పడేసి నాలుగోసారి ఎక్కింది. ఆ తర్వాత గదిలోకి పోయి తలుపేసుకుంది, రాత్రి అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. పిన్నేమో పరీక్షల టెన్షన్ అనుకుంది.

తండ్రికి చిన్నప్పట్నుంచీ తెలిసిన లెక్క అదే ఇంట్లో కూతురికి ఎవరూ చెప్పలేదు. నాకా రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ బరువు చూసుకునే వ్యవహారం మొత్తం నాకు తెలిసినంతలో విడమర్చి రాస్తున్నా, కాస్త పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 900 గ్రాములేంటో చూద్దాం. లీటరు నీళ్ళు కేజీ బరువు. బాటిల్ చేత్తో పట్టుకుని మిషన్ ఎక్కినా, తాగేసి ఎక్కినా మిషన్‌కి ఒకటే. మధ్యాహ్నం అన్నం, పెరుగు, సాయంత్రం టీ, నాలుగు చెంబుల నీళ్ళు, ఇవన్నీ ఇంకా కడుపులోనే ఉంటాయి. పెద్దవాళ్ళ ఒంట్లో సగానికి పైగా నీళ్ళే కదా, ఆ నీళ్ళు రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. పొద్దున్నకీ రాత్రికీ కేజీ, ఒక్కోసారి రెండు కేజీలు తేడా రావడం మామూలు విషయం, ఎవరికైనా సరే.

ఇంక ఉప్పు. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ బాటిల్ చూశారుగా, లీటరు సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పుంటుంది, మన రక్తానికి దగ్గరగా ఉండేలా అలా కలుపుతారు. ఒంట్లో ఉప్పు పెరిగితే దానికి తగ్గ నీళ్ళని ఒళ్ళు పట్టి ఉంచుతుంది, కిడ్నీలు ఆ ఎక్కువైన ఉప్పు బయటకి పంపేదాకా ఒకట్రెండు రోజులు ఆ బరువు అలాగే ఉంటుంది. రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మనకేమో ఆవకాయ, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపల కూర ఉన్న రోజు ఆ 5 గ్రాములు ఎప్పుడు దాటామో కూడా తెలీదు. మర్నాడు మిషన్ ఎక్కితే ముల్లు పైకే ఉంటుంది. అది కొవ్వు కాదండి, నెమ్ము.

మూడోది చాలామందికి తెలియనిది, గ్లైకోజెన్ అని. మనం తిన్న అన్నంలోంచి వచ్చిన గ్లూకోజ్‌ని ఒళ్ళు కొంత లివర్లో, కొంత కండల్లో దాచుకుంటుంది, అన్నీ కలిపి అరకేజీ దాకా ఉంటుంది. ఒక్కో గ్రాముకీ దాదాపు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుని మరీ దాచుకుంటుంది. అంటే అన్నం మానేసిన మొదటి వారంలో ఈ నిల్వ ఖాళీ అయితే నీళ్ళతో కలిపి రెండు కేజీల దాకా దిగిపోవచ్చు, మళ్ళీ రెండ్రోజులు కడుపు నిండా అన్నం తింటే అంతా వెనక్కి వచ్చేస్తుంది. "వారంలో మూడు కేజీలు" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఛాలెంజ్‌ల గుట్టు చాలావరకు ఇదే. నేను కూడా ఒక సెంటర్లో డబ్బులు కట్టి చేరాను ఒకప్పుడు, రోజూ పొద్దున్న మిషన్ మీద కాళ్ళు కనపడేలా ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి, తగ్గినోళ్ళకి చప్పట్లు, పెరిగినోళ్ళని అందరి ముందూ "నిన్న ఏం తిన్నారండీ" అని అడిగేవారు. అక్కడ అడిగిన వాళ్ళకీ చెప్పిన వాళ్ళకీ కూడా ఆ పెరిగిందేంటో తెలీదు. మూడు వారాలకి మానేశాను గానీ ఆ ప్రశ్న మాత్రం చాన్నాళ్ళు బుర్రలో తిరిగింది.

ఆడవాళ్ళకి నెలసరికి ముందు నీరు చేరి బరువు పెరగడం, విరోచనం కాకపోతే పెరగడం, కొత్తగా వ్యాయామం మొదలెడితే కండలు కాస్త వాచి పెరగడం, ఇవి కూడా ఇదే కోవలోవి, వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు కొవ్వు లెక్క. ఒంట్లో కేజీ కొవ్వు అంటే దాదాపు 7,700 క్యాలరీలు. సంక్రాంతికి భోగి నుంచి కనుమ దాకా మూడ్రోజులు ఇంట్లో ఉండి అరిసెలు, పూతరేకులు, కోడికూర గారెలు తిని వెళ్ళి మిషన్ ఎక్కితే రెండున్నర కేజీలు పెరిగిందనుకోండి, అదంతా కొవ్వే కావాలంటే మామూలుగా తినే తిండి కాక పైన ఇంకో 19,000 క్యాలరీలకి పైగా తినుండాలి, అంటే రోజుకి 6,400. మామూలు మనిషి ఒక రోజుకి తినేదానికి ఇది మూడింతలు, దాన్ని రోజువారీ తిండి మీద అదనంగా తినాలి. ఎంత కొత్తల్లుడికి వడ్డించినా అంత కష్టం. అందులో కొవ్వు ఏ పావుకేజీయో అరకేజీయో ఉంటుంది, మిగతాది ఉప్పు పట్టుకున్న నీళ్ళు, నిండిన గ్లైకోజెన్, అరగని తిండి.

ఇదే లెక్క తగ్గే వైపు కూడా చూడండి. ఒక మనిషి రోజుకి 500 క్యాలరీలు తగ్గించి తింటున్నాడనుకుందాం, అది పద్ధతిగా చేసేవాళ్ళకి కూడా తేలిక పని కాదు. ఆయన రోజుకి కరిగించే కొవ్వు 65 గ్రాములు. చాలా ఇళ్ళల్లో ఉండే మిషన్లు 100 గ్రాముల చొప్పున చూపిస్తాయి. మిషన్‌కి కనపడే అతి చిన్న తేడా కంటే కూడా ఆ రోజు కష్టం చిన్నది, పైగా దాని మీద కేజీ, రెండు కేజీల నీళ్ళు ఊగుతున్నాయి. నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చి చూసుకుంటే ఏం కనపడుద్ది చెప్పండి? నోరు కట్టుకున్న రోజు పెరిగినట్టు, బిర్యానీ తిన్న మర్నాడు తగ్గినట్టు కూడా కనపడొచ్చు. చాలామంది పదో రోజుకే "నా ఒంటికి ఏం పనిచెయ్యదు" అని వదిలేసేది ఇక్కడే. పనిచేస్తూనే ఉంది, నెమ్ము కింద కనపడట్లేదు. (నెలలు గడిచే కొద్దీ ఒళ్ళు కూడా ఖర్చు తగ్గించుకుంటుంది కాబట్టి ఈ 7,700 లెక్క ఎప్పటికీ గీత గీసినట్టు నడవదు, అది కూడా గుర్తుంచుకోవాలి.)

మరైతే బరువు చూసుకోవడమే దండగా అంటే, కాదు. అమెరికాలో 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక రిజిస్టర్ మొదలెట్టారు, కనీసం 13.6 కేజీలు తగ్గి, ఏడాది పాటు మళ్ళీ పెరక్కుండా నిలబెట్టుకున్న వాళ్ళని అందులో చేర్చుకుని వాళ్ళేం చేస్తున్నారో చూశారు. అందులో నలుగుర్లో ముగ్గురు వారానికి ఒక్కసారైనా బరువు చూసుకునేవాళ్ళే. తర్వాత 2006లో అదే రీనా వింగ్ బృందం అప్పటికే బరువు తగ్గిన 314 మందిని తీసుకుని ఏడాదిన్నర పాటు చూసింది. ఉత్తరాల్లో సమాచారం మాత్రమే అందుకున్న గుంపులో 72 శాతం మంది 2.3 కేజీలు గానీ అంతకంటే ఎక్కువ గానీ వెనక్కి పెరిగారు, రోజూ బరువు చూసుకోవడం నేర్పించి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిన గుంపులో అది 46 శాతమే. ఇందులో నాకు బాగా నచ్చిందేంటంటే వాళ్ళకి రంగులు ఇచ్చారు, ఇంతలోపుంటే పచ్చ, ఏం చెయ్యక్కర్లేదు, ఇంత దాటితే పసుపు, కాస్త సర్దుకోండి, 2.3 దాటితే ఎరుపు, మళ్ళీ మొదటి పద్ధతికి రండి అని. అంటే ఏ అంకె వస్తే ఏం చెయ్యాలో ముందే అనుకుని పెట్టుకున్నారు. మిషన్ ఎక్కి దిగాక ఏడవాలా నవ్వాలా అని ఆలోచించే పని లేదు.

మన భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర చేసేది అచ్చం ఇదేనండి. వారానికోసారి శాంప్లింగ్ అని చెరువులో నాలుగు చోట్ల వల విసిరి, పడ్డ రొయ్యలన్నీ కలిపి తూచి, లెక్కపెట్టి, సగటు తీస్తారు, కేజీకి 100 ఎక్కితే వంద కౌంటు. ఒక్క రొయ్యని చేతిలో పట్టుకుని ఇది సన్నగా ఉంది కాబట్టి పంట పోయింది అనే రైతుని నేనింతవరకు చూళ్ళేదు. రోజూ బరువు చూసుకోవాలనుకునే వాళ్ళు కూడా ఏడు రోజుల అంకెలు కలిపి సగటు తీసి, ఆ సగటుని పోయిన వారం సగటుతో పోల్చుకోవాలి. పొద్దున్నే బాత్రూంకి వెళ్ళొచ్చాక, ఏం తినకముందు, అదే మిషన్ మీద, పట్టా మీద పెట్టకుండా గట్టి నేల మీద పెట్టి చూసుకోవాలి. నెలసరి ఉన్నవాళ్ళు పోయిన నెల అదే సమయంతో పోల్చుకుంటే ఇంకా నిజం తెలుస్తుంది.

ఇంతవరకూ చదివి మా చెల్లికి కూడా సగటు తియ్యడం నేర్పిస్తే సరిపోయేదిగా అనుకుంటారేమో. నేనూ అలాగే అనుకున్నా, మర్నాడు పొద్దున్నే కాయితం పెన్ను తీసుకుని కూర్చోబెట్టి చెప్పా కూడా. బుద్ధిగా విని తలూపింది. తర్వాత తెలిసిందేంటంటే తను రోజుకి ఐదారుసార్లు చూసుకుంటోంది, స్నానానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అంకె తగ్గడం కోసం ఆ ఏప్రిల్ ఎండల్లో నీళ్ళు కూడా తగ్గించేసింది, టిఫిన్ బాక్సు కాలేజీలో ఎవరికో ఇచ్చేసేది, రాత్రి అందరూ పడుకున్నాక డబ్బాలోంచి జంతికలు ఆపుకోలేక తినేసి మర్నాడంతా పస్తుండేది. అర్థం కాకపోవడం కాదు తన ఇబ్బంది, ఆ అంకె అప్పటికే తన రోజుని నడిపిస్తోంది.

టీనేజ్ పిల్లల మీద అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో డయాన్ న్యూమార్క్-స్టైనర్ బృందం ఏళ్ళ తరబడి పరిశోధన చేసింది. తరచూ బరువు చూసుకునే ఆడపిల్లల్లో తర్వాత పూటలు మానెయ్యడం, ఒక్కసారిగా ఆపుకోలేకుండా తినెయ్యడం లాంటివి ఎక్కువగా కనపడ్డాయి. అంటే పెద్దవాళ్ళలో తగ్గిన బరువు నిలబెట్టుకోడానికి పనికొచ్చిన అలవాటే ఎదిగే పిల్లల్లో వేరే దారి పట్టొచ్చు. రెండూ నిజమే, ఎవరి చేతిలో ఉంది, ఏ వయసులో, ఎందుకోసం అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

రాత్రి జంతికల డబ్బా సంగతి తెలిసినప్పుడు పిన్ని "కడుపు కట్టుకోలేనిది డైటెందుకే" అని కసిరింది. దానికి జవాబు అదే మిన్నెసోటా యూనివర్సిటీలో ఎప్పుడో దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944, 45ల్లో, ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఇష్టపడి ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యమైన కుర్రాళ్ళకి ఆర్నెల్లపాటు రోజుకి దాదాపు 1,600 క్యాలరీలే పెట్టాడు. వాళ్ళ బరువు నాలుగో వంతు పోయింది, కాళ్ళు నీరు పట్టాయి, వాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది, వంటల పుస్తకాలు చదివేవాళ్ళు, కంచాలు నాకేవాళ్ళు, మళ్ళీ తిండి పెట్టాక కొంతమందికి ఎంత తిన్నా చాలేది కాదు. దృఢంగా ఉన్న మగాళ్ళ గతే అలా అయింది. ఇవాళ ఫోన్లలో దొరికే డైట్ చార్టులు చాలావాటిలో 1,200 ఉంటుంది. ఇంక ఎదిగే పిల్లకి జంతికల డబ్బా దగ్గర మనసు నిలవకపోవడం గుణం తక్కువవడం ఎలా అవుద్ది పిన్నీ అని అడిగాను. ఏం మాట్లాడలేదు, కానీ మళ్ళీ కసరలేదు.

ఈ అంకె పిల్లల మెడకి ఎక్కడ చుట్టుకుందో వెతికితే మన వీధి అరుగు మీదే దొరుకుద్ది. మా చిన్నప్పుడు డెల్టాలో "ఒళ్ళు చేసింది" అంటే మెచ్చుకోలు, పురిటికొచ్చిన పిల్ల నిండుగా ఉంటే పుట్టింటి వాళ్ళు బాగా చూసుకున్నట్టు. "చిక్కిపోయావేంటమ్మా, అత్తారింట్లో అన్నం పెట్టట్లేదా" అంటే అది అత్తారింటి మీద మాట. బరువుని బట్టి ఆ ఇంటి పెట్టుపోతల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు అదే నోళ్ళు పదిహేనేళ్ళ పిల్లని గుమ్మంలోనే ఆపి "ఏంటే ఇలా లావెక్కావ్" అంటున్నాయి, ఇరవై రెండొచ్చేసరికి "సంబంధాలు చూస్తున్నాం, ఓ ఐదు కేజీలు తగ్గితే బావుంటుంది" అంటున్నాయి, పెళ్ళై ఆర్నెల్లు తిరక్కుండా మళ్ళీ "చిక్కిపోయావేంటే" అంటున్నాయి. ఒకే పిల్ల, ఒకే ఒళ్ళు. ఏ అంకె దగ్గర ఆగితే వీళ్ళు ఊరుకుంటారో ఆ పిల్లకి ఎప్పటికీ తెలీదు, అందుకే మిషన్ దిగి మళ్ళీ ఎక్కుతుంది.

ఇలా తిరగబడింది మన దగ్గరే కాదు. ఫిజీ దీవుల్లో కూడా ఒకప్పుడు నిండైన ఒళ్ళే అందం. 1995లో ఒక ప్రాంతానికి టీవీ వచ్చింది, ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అక్కడి ఫిజియన్ ఆడపిల్లల్ని అప్పుడూ, మూడేళ్ళ తర్వాతా అడిగి చూసింది. తిండి విషయంలో కలవరపడే లక్షణాలున్న పిల్లలు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. మొదట్లో బరువు కోసం వాంతి చేసుకున్నామని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు, తర్వాత 11 శాతం మంది చెప్పారు. టీవీ వచ్చిన మూడేళ్ళలో. మన పిల్లల చేతుల్లో ఫోనుంది.

"మొహం మీద అంటేనే సిగ్గొచ్చి తగ్గుతారు" అనేవాళ్ళు కూడా ఉన్నారు, మంచి కోరే అంటారు పాపం. 2013లో అమెరికాలో ఆరు వేల మందికి పైగా పెద్దవాళ్ళ మీద వచ్చిన పరిశోధనలో, బరువు వల్ల తమని చిన్నచూపు చూశారని చెప్పినవాళ్ళు నాలుగేళ్ళలో ఊబకాయంలోకి వెళ్ళే అవకాశం మిగతావాళ్ళ కంటే రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. అనే మాట వల్ల బరువు తగ్గట్లేదు, మనిషి ఇంకా కుంగిపోతోంది.

అలాగని బరువు పట్టించుకోవద్దని నేననట్లేదు, షుగరూ బీపీ లేని ఇల్లు మన దగ్గర ఎక్కడుంది. కాకపోతే దానికి మిషన్ కంటే నడుము కొలిచే టేపు మంచి సాక్షి. పూణేలో డాక్టర్ యాజ్ఞిక్, లండన్లో డాక్టర్ యూడ్కిన్, ఇద్దరు డాక్టర్లు, ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి బరువెంతో చూసే లెక్క) సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యూడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఇద్దరి ఫోటో పక్కపక్కన పెట్టి 2004లో లాన్సెట్ పత్రికలో వేశారు. మన వాళ్ళకి కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట దగ్గర కొవ్వు చేరే గుణం ఎక్కువ. అందుకే భారతీయులకి బీఎంఐ 23 దగ్గరే ఎక్కువ బరువు, 25 దగ్గరే ఊబకాయం అని గీత కిందకి దించారు, నడుము చుట్టుకొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడమంటారు. అసలు ఎత్తుకీ బరువుకీ ఈ లెక్క 1830ల్లో కెట్లే అనే బెల్జియం గణిత శాస్త్రవేత్త జనం సగటు తెలుసుకోడానికి కట్టింది, దానికి 1972లో బీఎంఐ అని పేరు పెట్టింది పైన చెప్పిన ఆన్సెల్ కీసే. ఒక్క మనిషి అందాన్నో ఆరోగ్యాన్నో తేల్చడానికి కట్టిన లెక్క కాదది.

మిషన్ తప్పనిసరైన వాళ్ళూ ఉన్నారు, వాళ్ళు మానకూడదు. గుండె బలహీనంగా ఉండి నీరు చేరే జబ్బున్న వాళ్ళని డాక్టర్లు రోజూ చూసుకోమంటారు, ఒక్కరోజులో కేజీ పైన గానీ వారంలో రెండు కేజీల పైన గానీ పెరిగితే అది నీరు, వెంటనే ఫోన్ చెయ్యాలి. డయాలసిస్ చేయించుకునే వాళ్ళకి డ్రై వెయిట్ అని ఒక అంకె రాసిస్తారు, ఒంట్లో ఎక్కువైన నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు, మా బాబాయికి చెప్తే వెంటనే "నెమ్ము పోయాక తూకమన్నమాట" అన్నాడు. ఇంకోటి, ప్రయత్నం చెయ్యకుండానే ఆర్నెల్లు ఏడాదిలో బరువులో 5 శాతం, అంటే 60 కేజీల మనిషికి 3 కేజీలు తగ్గిపోతే సన్నబడ్డామని సంతోషించకుండా షుగర్, టీబీ, థైరాయిడ్ లాంటివి చూపించుకోవాలి.

మా చెల్లి విషయానికొస్తే, ముందు 14416కి ఫోన్ చేశాం, టెలీ మానస్, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. తర్వాత రాజమండ్రిలో ఒక సైకాలజిస్ట్ దగ్గరకి తీసుకెళ్ళాం. ఆవిడ మిషన్ పూర్తిగా పారెయ్యమనలేదు. వారానికి ఒక్కసారి, సోమవారం పొద్దున్న, పుస్తకంలో రాసుకోవాలి, మధ్యలో మిషన్ కనపడకూడదు, ఒక్క అంకె చూసి ఏదీ తేల్చుకోకూడదు, నాలుగు వారాలు వరసగా చూసి అప్పుడు మాట్లాడుకుందాం అంది. తిండికి సంబంధించిన ఇబ్బందులకి ఇలా వారానికోసారి తూచడం వైద్యంలో భాగమేనట. మిగతా ఆరు రోజులు మిషన్ అటక మీద ఉంటుంది, నిచ్చెన బాబాయి దగ్గరుంటుంది. పిన్ని చేత గుమ్మంలో ఎవరి ఒంటి గురించీ మాట్లాడనని ఒట్టేయించుకున్నా, చుట్టాలకి కూడా తనే ముందు ఫోన్ చేసి చెప్పింది. అంతా సర్దుకుందని చెప్పలేను, పస్తున్న రోజులు ఇంకా వస్తున్నాయి, కానీ ఇప్పుడు దాచట్లేదు, చెప్తోంది.

ఈ సంక్రాంతికి అరిసెలు నూనెలోంచి తీసినవి తీసినట్టే నిలబడి తిన్నాం ఇద్దరం. పండగ తర్వాత సోమవారం నాకు పుస్తకం ఫోటో తీసి పంపింది. పోయిన వారం కంటే 1.8 ఎక్కువ. దాని పక్కన పెన్సిల్‌తో చిన్నగా "నెమ్ము" అని రాసుకుంది. ఆ పై వారం 0.3 ఎక్కువ, దాని పక్కన ఏం రాయలేదు.